అయస్కాంతానికి అంటుకోని గుండు

ఒక్క పిట్ట కూరతో మూడు కుటుంబాలకు తిండి మీద నమ్మకం పోగొట్టిన ఘనుణ్ణి నేను. అమెరికాలో మేముండే నోవై ఊళ్లో ఈ కథను తొమ్మిదేళ్లుగా తప్పుగా చెప్పుకుంటున్నారు. ఆ తప్పు మొదలుపెట్టింది నేనే కాబట్టి, ఓపిక లేకపోయినా దిద్దాల్సిందీ నేనే.

ఆఫీసులో నా పక్క సీటు రమణది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. ఇద్దరం అడవికోడి లాంటి ఫెజెంట్ పిట్టల వేటకు ఒక ప్రైవేటు ఫారంకి వెళ్లేవాళ్లం. దారి పొడవునా ఒకటే గొడవ. సీసం విషమని, దాని గుళ్లు మాంసంలో ముక్కలైపోతాయని, దొరక్కుండా పోయిన పిట్టను తిన్న గద్ద కూడా చస్తుందని, స్టీలు గుళ్లే వాడాలని అతను. స్టీలు తేలిక, దూరం పోదు, పిట్ట గాయంతో ఎగిరిపోయి ఎక్కడో నరకయాతన పడుతుంది, అది మాత్రం పాపం కాదా అని నేను. నిజానికి నాకు పిట్టల మీద అంత దయేమీ లేదు. గరాజ్‌లో రెండు పెట్టెల సీసపు తూటాలు మిగిలి ఉన్నాయి, అంతే. ఆ ఫారంలో రెండూ వాడొచ్చు. నా బద్ధకానికి అంతకంటే ఏం కావాలి?

ఒక ఆదివారం మూడు పిట్టలు పడ్డాయి. మా ఆవిడ అల్లం వెల్లుల్లి దట్టించి కూర వండింది. భోజనానికి రమణ, పక్కింటి ప్రసాద్‌గారు, కడుపుతో ఉన్న ఆయన కూతురు స్వాతి వచ్చారు. స్వాతి ఇక్కడే పుట్టిన పిల్ల. పెరుగు డబ్బా మీది అక్షరాలన్నీ చదివి గాని మూత తీయదు.

"అంకుల్, ఇవి లెడ్‌తో షూట్ చేశారా?"

"లేదమ్మా, అంతా స్టీలే. నువ్వు తిను," అన్నాను, కోర్టులో ప్రమాణం చేసినంత ధీమాగా.

ప్రసాద్‌గారు ఎముకను పిప్పి చేయందే వదలరు. ఆయన పంటి కింద ఏదో పడింది. తీసి ప్లేటు అంచున పెట్టారు. చిన్న మిరియమంత నల్లటి గుండు.

స్వాతి మెల్లగా లేచి, ఫ్రిజ్ మీది పిజ్జా షాపు మ్యాగ్నెట్ తెచ్చింది. "స్టీల్ అయితే స్టిక్ అవ్వాలి కదా, అంకుల్."

గుండు కదల్లేదు. తుడిచి మళ్లీ పెట్టింది. అలిగిన కొత్త అల్లుడిలా అది ఉన్నచోటే కూర్చుంది. స్వాతి ప్లేటు పక్కకు నెట్టేసింది. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"అది రమణ కొట్టిన పిట్ట అయ్యుంటుంది."

రమణ నా వైపు ఒకసారి చూశాడు. తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు.

స్వాతి రక్తపరీక్షలో సీసం జాడేమీ లేదన్నారు. ఆ ఫలితం వచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదు. నింద మాత్రం రమణకే ఉండిపోయింది. స్టీలు గురించి అన్ని కబుర్లు చెప్పి చివరికి సీసం తినిపించాడట. అతని ఇంట్లో పప్పు వడ్డించినా జనం చెంచాతో కెలికి చూసుకునేవారు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను.

మొన్న అతనికి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను, నిజమంతా రాసేస్తానన్నాను.

"అంతా రాయొద్దన్నా. ఆ రోజు మూడూ మీరే కొట్టారు. ఇన్నేళ్లలో నా గురికి ఒక్కటి పడితే ఒట్టు. మీ దయవల్లే నేనూ ఒకటి కొట్టానని అందరూ అనుకుంటున్నారు. మా పాప కూడా."

"మరి ఆ నింద?"

"నింద మీరు తీసుకోండి. పిట్ట నాకు వదిలేయండి."

కనుక అందరి ముందూ చేతులు జోడించి ఒప్పుకుంటున్నాను. సీసం నాది, అబద్ధం నాది. ఇక జన్మలో సీసం ముట్టను, అబద్ధం ఆడను, నా తప్పును ఇంకొకరి విస్తట్లో వడ్డించను. పిట్టను మాత్రం రమణే కొట్టాడు. ఎలాగని అడక్కండి, ఓపిక లేదు.