గోడ మీది వామాకు

మా ఊళ్లో కోటిరత్నం పెంచిన వామాకు వాసనకి, చచ్చి అరపూటైన జక్రయ్య లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగాడు. సరే, అరపూట కాదు. పూర్తిగా చావనూ లేదు, దగ్గీ దగ్గీ సొమ్మసిల్లాడు. కానీ వాళ్ల బావమరిది పాడెకి వెదుళ్ల కోసం బయల్దేరిన మాట మాత్రం నిజం. మా కాన్వెంటు సిస్టర్లు అబద్ధమాడితే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ వయసులో నా మోకాళ్లు అందుకు ఒప్పుకోవు గనక, ఇక మీదట ఉన్నదే చెబుతాను.

కోటిరత్నం మా పక్కింటి బాపయ్య భార్య. వాళ్ల పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత. దాని వెనకనే వాళ్ల మిరపచేను. బోరు పంపు పక్కన వామాకు, కరివేపాకు, తులసి, నేల ఉసిరి, కంచెకి అల్లుకున్న తిప్పతీగ. సగం కూరల్లోకి, సగం రోగాల్లోకి. పసిపిల్లకి రొమ్ము పడిశెం పడితే వామాకు వెచ్చజేసి రసం పిండి పట్టడం మా ఊరి అలవాటు.

ఆకుమందుకి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి జబ్బో తీసుకునేవాళ్లు చెప్పకూడదు, ఇచ్చేవాళ్లు అడగకూడదు. పేరు బయటపడితే మందు పనిచేయదంటారు. అందుకని కావలసినవాళ్లు ముందురోజు మసకచీకట్లో వచ్చి పెరటి గోడ మీద గుర్తు పెట్టి వెళ్లేవారు. గులకరాయి పెడితే వామాకు, పుల్ల పెడితే నేల ఉసిరి. కోటిరత్నం తెల్లవారకముందే ఆకు కోసి గోడ మీద ఉంచి, వెనక్కి చూడకుండా లోపలికి పోయేది. ఎవరు పట్టుకెళ్లారో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలని చూడనూ లేదు.

పోయిన పుష్యమాసంలో ఒక ఉదయం, ఆకు ఎవరో పట్టుకెళ్లాక, పులుసులోకని కరివేపాకు రెబ్బ తుంచింది. ఆకుల మీద తెల్లటి మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పురుగుమందు కంపు. చీకట్లో కోసిన వామాకుకి దాని ఘాటు దానికే ఉంటుంది, ఇంకో వాసన ఆనదు.

"మందు కొట్టే పంపు ఎక్కడ కడిగావయ్యా?" అని బాపయ్యని అడిగింది.

"కాలవలో చుక్క లేదుగా. రాత్రి బోరు దగ్గరే కడిగా. నాజిల్ పట్టేస్తే గాల్లోకి కొట్టి చూశా."

అతను ముందురోజంతా మిరపకి పట్టిన నల్లతామర పురుగుకి మందు కొట్టి అలిసిపోయి వచ్చాడు. మొక్కల సంగతి మరిచిపోయాడు.

కోటిరత్నం పొయ్యి మీద పులుసు అలాగే వదిలేసి వీధిలోకి వెళ్లింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అడగని మాట ఇంటింటికీ తిరిగి అడిగింది. పొద్దున వామాకు మీరేమన్నా తీసుకున్నారా? తీసుకున్నామని ఒక్కరూ అనలేదు. మా ఇంట్లో రోగాలేం లేవని కొందరు మొహం మీదే తలుపేశారు. తీసుకున్నదెవరో కానీ, నోరు విప్పితే మందు చెడుతుందన్న భయంతోనే దాస్తున్నారని ఆవిడకి తెలుసు. ఆ భయాన్ని ఇన్నాళ్లూ పెంచింది తనే కదా. టీకొట్టు దగ్గర అంకమ్మరావు నవ్వాడు. "ఏం రత్నమ్మా, ఇచ్చిన ఆకు వెనక్కి వసూలు చేస్తున్నావా?"

ఆవిడ ఆగలేదు. చివరి సందులో రాజేశ్వరి ఇల్లు. నెలల పిల్ల తల్లి. తలుపు తీయకుండానే, మేం తీసుకోలేదత్తా అంది.

కోటిరత్నం తలుపుకి దగ్గరగా జరిగింది. "తీసుకున్నావని నేనన్లేదమ్మా. ఆకు మీద మిరపమందు పడింది. తీసుకోకపోతే మంచిదే. తీసుకునుంటే మాత్రం పిల్లకి పట్టబాక."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. పిల్లని భుజాన వేసుకుని రాజేశ్వరి గడపలో నిలబడింది. పిల్ల నోటి వెంట చొంగ ఆగడం లేదు.

"పొద్దున్నే పట్టేశానత్తా."

పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లే గుంటూరు ఆటోలో డ్రైవరు పక్కన నేను కూర్చున్నాను. వెనక పిల్లతో వాళ్లిద్దరూ. బ్రాడీపేట డాక్టరు ఏం తాగించారని అడిగితే రాజేశ్వరి కోటిరత్నం వైపు చూసింది. కోటిరత్నమే చెప్పింది. పడిందేం మందో పేరు కూడా చెప్పింది. చాలా రోజులకి పిల్ల తేరుకుంది. ఈ మాట పెంచీ చెప్పడం లేదు, తగ్గించీ చెప్పడం లేదు.

కోటిరత్నాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేదేమో. గోడ మీద గుర్తు పెట్టేవాళ్లే లేకుండా పోయారు. విషానికి భయపడ్డారో, పేరు బయటపడ్డాక ఆకుకి బలం పోయిందనుకున్నారో ఎవరూ చెప్పలేదు. ఆవిడ మాత్రం కొన్నాళ్లు తెల్లవారకముందే లేచి, ఖాళీ గోడ చూసి లోపలికి పోతుండేది. వామాకు మాత్రం దిట్టంగా పెరిగింది. కోసేవాళ్లు లేక బోరు దాకా పాకింది. ఒకరోజు ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, తులసి ఒక్కటి ఉంచి, తక్కినవన్నీ వేళ్లతో సహా పీకి తగలబెట్టింది. బాపయ్య అరుగు మీద కూర్చుని చూశాడు, లేవలేదు. ఇప్పుడు ఆ ఇంట్లోకి కరివేపాకు తోపుడుబండి మీద నుంచి వస్తుంది.

ఇదంతా రాయబోతున్నానని మొన్న గోడవతల నుంచి చెప్పాను. కోటిరత్నం మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అంతా అబద్ధం బాబాయ్. మా పెరట్లో వామాకు ఎప్పుడూ లేదు. నేనెవరికీ ఏ ఆకూ ఇవ్వలేదు. మా ఆయన పంపు ఎప్పుడూ చేలోనే కడుగుతాడు."