పాచి మాత్రల మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు ఊళ్ళోవాళ్ళ పళ్ళ మీద ఉన్న శ్రద్ధ నా పళ్ళ మీద ఉండేది కాదు. తాండూరులో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర సహాయకురాలిగా అప్పుడే చేరాను. వచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి, రోజుకు రెండుసార్లు తోముకోవాలి, రెండేసి నిమిషాలకు తక్కువ కాకూడదు, చిగురు నుంచి పంటి కొస వైపు మెల్లగా తోమాలి అని వేలితో గాలిలో చూపిస్తూ చెప్పేదాన్ని. నేను మాత్రం వికారాబాద్‌లో పొద్దున రైలు అందుకునే హడావుడిలో, ఒక చేత్తో జడ వేసుకుంటూ ఇంకో చేత్తో అర నిమిషంలో కానిచ్చేసేదాన్ని. (రాత్రి సంగతి అడగకండి.) బొగ్గుపొడి, ఉప్పు కలిపి నిదానంగా తోముకునే మా అమ్మను చూసి, "గట్ల తోమితే పన్లు అరుగుతయమ్మా" అని పాఠం కూడా చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై ఒకటి. తెల్లకోటు తొడుక్కుంటే తెలివి దానంతటదే వస్తుందని గట్టి నమ్మకం.

ఆస్పత్రి అంటే ఒక పాత రాతి ఇంట్లో ముందరి రెండు గదులు. నేలంతా నీలి బండలు, చెప్పులు విప్పితే ఎండాకాలంలో కూడా అరికాళ్ళకు చల్లగా తగిలేవి. మధ్యాహ్నం ఒంటిగంటకు డాక్టరమ్మ ఇంటికి వెళ్తే మళ్ళీ నాలుగింటికే రావడం. ఆ మూడు గంటలూ నేనూ, చెక్క బీరువా మీద వరసగా పేర్చిన దవడలూ. అవి రోగుల నోటి కొలతలు తీసి ప్లాస్టర్‌తో పోసిన అచ్చులు, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ. అందులో ఒకటి ఎవరో పెద్దాయనది. ఆయన పోయి రెండేళ్ళయిందని, అచ్చు పారేయడానికి చేతులు రావడం లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి నేను దానికి వీపు పెట్టి అన్నం తినడం మొదలుపెట్టాను. వీపు పెడితే భయం ఇంకా ఎక్కువని రెండు రోజుల్లో తెలిసొచ్చి, మళ్ళీ దాని ఎదురుగానే కూర్చున్నాను. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీలు బరువుగా పోతుంటే గోడలు సన్నగా అదిరేవి. అప్పుడు పై దవడలు కింది దవడలకు తగిలి, బీరువా మీద అందరూ ఒకేసారి చలికి వణికినట్టు కటకటమనేవి. లారీ పోయాక కూడా ఒక్కటి మాత్రం ఇంకాసేపు కొట్టుకుంటూ ఉండేది. ఏదో నేను చూడలేదు. చూడదలచుకోలేదు.

వానాకాలంలో ఒక రోజు డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ నా చేతిలో చిన్న డబ్బా పెట్టింది. "ఇవి పాచి చూపే మాత్రలు. నమిలితే పాచి ఉన్న చోటల్లా ఎర్రగ అయితది. ముందుగాల ఒకటి నువ్వు నమిలి, నీ నోరు చూసుకో. తర్వాత ఊరోళ్ళకు చెప్దువు" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆమె వెళ్ళగానే, పొద్దున స్టేషన్ నుంచి వస్తూ తడిసిన జుట్టు విరబోసుకుని ఆరబెట్టుకుంటూ, ఒకటి కాదు, మూడు నమిలాను. (పరీక్ష గట్టిగా జరగాలి కదా.) సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బయట మబ్బు దిగి, ఒంటిగంటకే గదిలో సాయంత్రమైపోయింది. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర అద్దంలో చూసుకున్నాను. పళ్ళు, నాలుక, పెదాలు అన్నీ ఎరుపు. నోట్లో ఊరిన ఎర్రటి నీళ్ళు గడ్డం మీదుగా కారి తెల్లకోటు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. కొళాయి తిప్పితే నీళ్ళు లేవు, మోటారు వేద్దామంటే కరెంటు లేదు. బయట అంత వాన కురుస్తుంటే దోసిలి పట్టొచ్చు కదా అని మీరంటారు. ఆ బుద్ధి నాకు గంట తర్వాత పుట్టింది.

అలా అద్దంలో నన్ను చూసి నేనే జడుసుకుంటుంటే, నా భుజం వెనక ఇంకో ముఖం కనిపించింది.

గిరుక్కున తిరిగాను. గుమ్మంలో నల్ల గొంగడి కప్పుకుని ఒక ముసలవ్వ. ఎప్పుడొచ్చిందో, అడుగుల చప్పుడే లేదు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. విరబోసిన జుట్టు, ఎర్రటి నోరు, మరకల కోటు. రెండు చేతులూ జోడించి నీలి బండల మీద అలాగే కూలబడింది.

"ఎల్లమ్మ తల్లీ! గిక్కడున్నవా?"

నేను ఇక్కడ పనిచేసే పిల్లనవ్వా అని చెప్పబోయాను. నోటినిండా నీళ్ళుండటంతో "ఊఁ... ఊఁ" అన్న మూలుగు ఒక్కటే వచ్చింది. అప్పుడే పోవాలా లారీ! బీరువా మీద దవడలన్నీ కటకటలాడాయి. అవ్వ గజగజ వణికింది. నిజం చెప్పాలంటే, నేనూ వణికాను.

"పెద్దేముల్ దిక్కుకెల్లి వచ్చిన తల్లీ. నా మనుమరాలి దవడ వాసింది. మూడు దినాలాయె, నీళ్ళు సుత మింగుతలేదు. డాక్టర్ తానకు తోల్కపోదామంటే నా కోడలు వినది. పాలపన్ను, అదే ఊడిపోతదంటది. పొగ వెట్టి పంటి పురుగు తీసెటోడు రేపు వస్తడంట. ఏం జేద్దు?"

ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్లను నేను. అమ్మవారి తరఫున సమాధానం చెప్పే అధికారం నాకెక్కడిది? కాదు అని చెప్పడానికే నోట్లోది మింగి పెదవి విప్పాను. కానీ బయటికి వచ్చిన గొంతు నాది కాదు. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, లోతుగా, తొందర లేకుండా వచ్చింది.

"ఎడమ దిక్కు. కింది దవడ. కడపటి పన్ను. పొగ వెట్టనియ్యకు. రేపటిదాంక ఆగకు. ఇయ్యాల్నే తోల్కరా."

అవ్వ లేచింది, నా పాదాల వైపు ఒకసారి చూసి దండం పెట్టి, వచ్చినంత నిశ్శబ్దంగానే వానలోకి వెళ్ళిపోయింది. నేను రోగుల కుర్చీలో కూలబడ్డాను. అబద్ధమాడానన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆ గొంతు ఎవరిదన్న అనుమానం. "హలో" అని మెల్లగా నాతో నేనే అని చూసుకున్నాను. నా గొంతే, ఎప్పటిలా కీచుగా ఉంది.

డాక్టరమ్మ నాలుగింటికి వచ్చి నా ముఖం చూసి, "ఒకటి నమలమంటే ఎన్ని నమిలినవే!" అని కుర్చీ పట్టుకుని నవ్వుతుండగానే బయట షేరింగ్ ఆటో ఆగింది. అవ్వ, ఆమె కోడలు, ఎనిమిదేళ్ళ పిల్ల దిగారు. పిల్ల ముఖం ఒక పక్క కుండలా ఉబ్బి ఉంది. ఎడమ పక్క. కోడలు నా ఎర్రటి పెదాలు చూసి రెండడుగులు వెనక్కేసి, మళ్ళీ నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. దవడ కింద వేలితో నొక్కి చూసి, పిల్లను వెంటనే కుర్చీలో పడుకోబెట్టింది. నేను పిల్ల తల కదలకుండా పట్టుకున్నాను. చీము దిగాక ఆ పిల్ల మూడు రోజుల్లో మొదటిసారి గ్లాసెడు నీళ్ళు తాగింది. ఆ గుటకల చప్పుడు విని కోడలు గోడకు తల ఆనించి ఏడ్చింది. "ఇంకో దినం ఆగితే వాపు గొంతులకు దిగుతుండె. ఊపిరికే కష్టమయ్యేది" అంది డాక్టరమ్మ. "గిది పాలపన్ను కాదమ్మా. ఆరేండ్లకు పాలపన్ల ఎనక మొలిచే దవడపన్ను. పోతే మల్ల రాదు." ఆ పన్ను చివరికి దక్కలేదు. మిగతా మూడు దవడపళ్ళ గుంటల్లో మాత్రం పుచ్చు పట్టకుండా తర్వాత డాక్టరమ్మ పూత వేసింది. ఆరు నెలలకోసారి చూపించమంది. ఆ సాయంత్రం రైల్లో చున్నీతో నోరు మూసుకుని వికారాబాద్ చేరి, మా అమ్మ అన్నం పెట్టకముందే ఐదు నిమిషాలు పళ్ళు తోముకున్నాను.

ఆరు నెలలకు అవ్వ మనుమరాలిని తీసుకుని చెప్పినట్టే వచ్చింది. పిల్ల లోపల డాక్టరమ్మకు నోరు చూపిస్తుంటే, నేను అవ్వ పక్కన బల్ల మీద కూర్చుని, అన్నాళ్ళూ మోసిన బరువు దించుకున్నాను.

"అవ్వా, ఆ దినం నేను... నాకేం పూనలే. అది మాత్రల రంగు."

అవ్వ బోసినోటితో నవ్వింది. "ఎరికే బిడ్డా. ముందుగాల గుండె జారిన మాట నిజం. మొక్కుదామని కాళ్ళ దిక్కు చూస్తే రబ్బరు చెప్పులుండె. ఎల్లమ్మ చెప్పులేసుకుంటదా?"

"మరి ఇంట్ల నిజం చెప్పలేదా?"

"ఎందుకు చెప్త? నా కోడలు నేను చెప్తే వినది, డాక్టర్ చెప్పినా వినది. ఎల్లమ్మ చెప్పిందంటే చెప్పులు సుత మరిచి ఆటో ఎక్కింది." కాసేపు నవ్వుకుని, తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించింది. "గని ఒక్కటి అడుగుత. దవడ అన్ననే గని, ఏ దిక్కో నేను చెప్పలే. ఎడమ దిక్కని నీకెట్ల ఎరుక?"

"నువ్వే చేత్తోని చూపిచ్చినవ్ కదా అవ్వా."

"నా రెండు చేతులు జోడిచ్చే ఉండె బిడ్డా."

లోపల పిల్ల డాక్టరమ్మతో ఏదో చెప్పి కిలకిలా నవ్వింది.

ఇప్పుడు నేను వికారాబాద్‌లోనే వేరే ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ఎన్నో నోళ్ళు చూశాను. పిల్లల్లో ముందుగా పుచ్చేది చాలావరకు ఆ కింది దవడపళ్ళేనని, కుడా ఎడమా అన్నది సగానికి సగం అవకాశమని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. ఒక్కోసారి వాన పట్టిన మధ్యాహ్నం, ఎవరో తల్లి వాచిన దవడతో పిల్లను తెచ్చి ఎదురుగా కూర్చుంటే, తెల్లకోటంతా మరకలతో బిక్కచచ్చి నిలబడ్డ ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ గొంతు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రమ్మని అడగాలంటే భయం. రావద్దని కోరుకుందామంటే, ఎందుకో మనసొప్పదు.