మంచు గూటికి గవాక్షి

కాశ్మీరు కొండల్లోని ఆ పోస్టుకు మేం చేరేసరికి పొద్దున పదిన్నర. మన కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మోకాలిలోతు మంచు. ఒంటి మీద రెండు స్వెటర్లు, పైన గ్రేట్‌కోటు, భుజాన రైఫిలు, వీపున మూట. నందికొట్కూరులో రోళ్లు పగిలే ఎండల్లో పెరిగినవాణ్ణి. నా పళ్లు కొట్టుకునే చప్పుడు నాకే వినిపించింది.

జట్టులో నాలాంటి సీమవాడు ఇంకొక్కడే, వైర్‌లెస్ ఆపరేటరు. అతన్ని ఊరిపేరుతో కమలాపురం అనే పిలిచేవాళ్లం. నాకంటే రెండేళ్లు చిన్న. తెలుగు మాట్లాడడానికి నాకతను, అతనికి నేను.

నాలుగోరోజు నలుగురం గస్తీకి వెళ్లాం. మధ్యాహ్నం మూడింటికి మంచు తుఫాను పట్టుకుంది. వెనక్కి దారి లేదు. మాకు మంచులో మసలడం నేర్పడానికొచ్చిన పహాడీ హవల్దారు రాత్రికి అక్కడే ఉండాలన్నాడు. గట్టిపడిన మంచుదిబ్బను పారలతో తొలిచి రెండు గూళ్లు చేశాం, ఒక్కోదానికి ఇద్దరు. పాకుతూ దూరేంత ద్వారం, దానికి మూటలు అడ్డం. కప్పులో పిడికిలి పట్టేంత కన్నం. స్టవ్వు వెలిగినంతసేపూ దాన్ని మూయొద్దని, పొగ విషమవుతుందని, హవల్దారు రెండుసార్లు చెప్పి మరీ తన గూట్లోకి వెళ్లాడు. అప్పటికి ఆరు దాటింది.

"మన గవాక్షి మాదిరే ఉండాదన్నా," అని నవ్వాడు కమలాపురం.

మన మట్టి మిద్దెలకు వెలుతురు కోసం కప్పులో వదిలే కన్నమే గవాక్షి. చినుకు పడితే ఎవరో ఒకరు పైకెక్కి బండతో మూయాల్సిందే. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని.

మంచు కరిగించి టీ కాచుకున్నాం. తొమ్మిదింటికి కన్నంలోంచి మంచు పొడి మా మీద రాలడం మొదలైంది. స్టవ్వు ఇంకా వెలుగుతోంది.

"మూసెయ్యప్పా, తడిసిపోతాండాం," అన్నాను.

హవల్దారు మాట గుర్తుంది. కొండవాడి చాదస్తం అనుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని. కమలాపురం తన ఉన్ని టోపీ కన్నంలో కుక్కాడు. స్టవ్వు పక్కన అతను పడుకున్నాడు, ద్వారం దగ్గర నేను.

తెల్లవారి ఆరింటికి హవల్దారు నన్ను కాళ్లు పట్టి బయటికి ఈడ్చాడు. తల పగిలిపోతోంది, ఒకటే వాంతులు. మూటల సందులోంచి వచ్చిన గాలి నన్ను బతికించింది. హవల్దారు ఆ టోపీని చూశాడు, నన్ను చూశాడు. వైర్‌లెస్ తానే అందుకుని, ఒకడు పోయాడని పోస్టుకు చెప్పాడు. వాళ్లు చలికి అని రాసుకున్నారు.

ఎండాకాలంలో సెలవు దొరికింది. ఇంటికి పోకుండా ముందు కమలాపురంలో దిగాను. వాళ్ల నాయన ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. ఉన్నదంతా చెప్పాను.

"మూయమనింది నేనే చిన్నాయనా."

ఆయన బక్కెట కింద పెట్టి, ఎద్దు వీపు నిమిరాడు.

"సినుకు పడితే మూయల్లని వానికి నేర్పిచ్చినోణ్ణి నేనే గదప్పా," అన్నాడు.

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆయన తిట్టలేదు. కొడుకు మొహం ఎట్లుండిందని అడిగాడు. బాగుండిందన్నాను. అది అబద్ధం కాదు. బయట పడుకోబెట్టినప్పుడు ఆ పొగ విషానికి అతని బుగ్గలు ఎర్రగా, అప్పుడే నీళ్లు పోసిన పసిబిడ్డ బుగ్గల్లా ఉన్నాయి. బతికే ఉన్నాడనుకుని, లేవరా అని కసురుకున్నాను కూడా. ఆ బుగ్గల మీద మంచు పడుతోంది. కరగడం లేదు.