పంటిగాట్లు

తెలుపులో ఇన్ని తెలుపులుంటాయని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. మా ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ఈయన వాటిలో ప్లాస్టర్ పోసి, మైనం మీద పళ్ళు అమర్చి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపుతారు. మా పేటలో అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటారు. బజార్లో ఎవరైనా ఎదురొచ్చి నవ్వితే ఈయన మనిషిని చూడరు, పళ్ళని చూస్తారు. ఇంటికొచ్చేదాకా ఆగలేక, "పైవరస నాదే" అని అక్కడే నా చెవిలో ఊదుతారు.

ఇలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి బొమ్మ ఇటుకలు. పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ కార్లూ కట్టుకుంటారే, ఆ ప్లాస్టిక్ ఇటుకలే. ఆయన సెట్టులు సెట్టులుగా కొంటారు, కడతారు, అద్దాల బీరువాలో పెడతారు. హాలు మొత్తం ఆయనదే. పడగ్గదిలో సగం ఆయనదే. వంటగది నాదని సంబరపడుతుంటే, ఒకరోజు సింకు పక్క అరలో కూడా రైలు పెట్టెలు కనిపించాయి. ఎండ తగిలితే తెల్ల ఇటుకలు పసుపెక్కుతాయని పరదాలు తియ్యనివ్వరు, అందుకని మా ఇంట్లో పట్టపగలు లైటు వేసుకోవాలి. దుమ్ము దులపడానికి నా పౌడరు బ్రష్షు ఎప్పుడో మాయమైంది. చుట్టాలొచ్చి, "పిల్లలవా?" అని అడిగితే, "నావి" అంటారు, మొహం మీద ఒక్క గీత కదలకుండా.

కొనుక్కుంటే కొనుక్కున్నారు. నా ఒళ్ళు మండేది ఆ పట్టింపు చూసి. ఒకసారి రైల్వే స్టేషను కట్టడం పూర్తయి, బీరువాలో పెట్టాక, దాని ముందు నిలబడి తల అటూ ఇటూ వంచి చూస్తున్నారు. ఏమైందంటే, గోడలో ఒక ఇటుక వేరే ఏడాది తయారైందట, తెలుపు తేడాగా ఉందట. నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను, తీసి చూశాను. నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ ఒక్క ఇటుక కోసం ఆ గోడంతా విప్పి మళ్ళీ కట్టారు మహానుభావుడు. పళ్ళ రంగులు చూసీ చూసీ ఆయన కళ్ళు అలా తయారయ్యాయి. తప్పు కనిపించాక దాన్ని అలా వదిలేసి పడుకోవడం ఆయన వల్ల కాదు.

ఆయనకి ఒక తమ్ముడున్నాడు. పళ్ళు చేసే మా ల్యాబులో పక్క బల్ల దగ్గరే పనిచేసేవాడు. ఈయన నోరు విప్పరు, మా మరిది నోరు మూయడు. ఇద్దరి మధ్యా మాటలన్నీ అతనే మాట్లాడేవాడు. "నువ్వు పళ్ళు పెట్టట్లేదన్నయ్యా, గోడ కడుతున్నావు. మనిషన్నాక నోట్లో ఒక పన్నన్నా అటూ ఇటూ ఉండదా?" అని ఆటపట్టించేవాడు. ఈయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ మా ఇంటికే వచ్చేవాళ్ళు, మా మరిది తిన్నంతసేపూ మాట్లాడి, చెయ్యి ఎండిపోయాక లేచేవాడు.

వాళ్ళిద్దరినీ విడదీసింది ఒక పన్ను. రిటైరైన టీచరమ్మ ఒకావిడకి పై వరస చెయ్యాలి. ఆవిడ తన పాత ఫొటో పంపించి, ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కాస్త ఎక్కి ఉండేదని, మళ్ళీ అలాగే పెట్టమని అడిగింది. మా మరిది ముచ్చటపడి అచ్చం అలాగే పెట్టి ఇంటికెళ్ళాడు. ఈయన పోతూ పోతూ ఆ బల్ల వైపు చూశారు. పన్ను వంకరగా కనిపించింది. ఇంకేముంది, కూర్చుని సరిచేసేశారు.

టీచరమ్మ పెట్టుకుని చూసుకుని, నేరుగా ల్యాబుకే వచ్చింది. "బాగానే ఉన్నాయి బాబూ, కానీ నేనడిగినవి ఇవి కాదు" అంది. మా మరిది ఆ వరస చేతిలోకి తీసుకోగానే అర్థమైపోయింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"నువ్వు మార్చావా?"

"కొంచెం వంకరగా ఉంటేనూ..."

"ఇదొక్కటేనా? నేను చేసినవన్నీ ఇలాగే మారుస్తున్నావా?"

మా ఆయనకి అబద్ధం చేతకాదు. "అన్నీ కాదు" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్తూ, "అన్నీ కాదు అని చెప్పానే, నిజమే కదా" అన్నారు అమాయకంగా. నేను తల పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ డాక్టర్లు తన పనిని మెచ్చుకుంటుంటే మురిసిపోయిన మా మరిదికి, అందులో ఏది తనదో ఏది కాదో ఇప్పుడెలా తెలుస్తుంది? అతను అరవలేదు, పోట్లాడలేదు. మర్నాడు పొద్దున ఈయనకి ఫోన్ చేశాడు. "నేను వేరే చోట చూసుకుంటానండీ. మీరు ఇంకొకర్ని పెట్టుకోండి" అన్నాడు.

అలా మొదలైంది ఆ 'మీరు'. నేనూ మా ఆయన్ని మీరు అనే అంటాను. నా మీరులో కావలసినంత చనువుంది, దెబ్బలాట ఉంది, అవసరమైతే గరిటె కూడా ఉంది. పుట్టి మాటలొచ్చిన దగ్గర్నుంచీ నువ్వు అన్న తమ్ముడు ఉన్నట్టుండి మీరు అంటే అది మర్యాద కాదు, తలుపు వేసెయ్యడం. రాకపోకలు మానలేదు. పెళ్ళిళ్ళలో కలిసేవాడు, దగ్గరికొచ్చి, "బాగున్నారా? ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగేవాడు. పక్కన చూసేవాళ్ళకి అన్నదమ్ములు ఎంత పద్ధతిగా ఉన్నారో అనిపించేది. ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "వాడు నన్ను మీరు అంటున్నాడే" అనేవారు, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు.

"వెళ్ళి తప్పయిందని చెప్పండి" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"నోటితో చెప్పడం నాకు రాదే. ఏదైనా చేసివ్వమంటే చేసిస్తాను" అన్నారు.

చేసివ్వడానికి ఆయనకొకటి దొరికింది. అటక మీద పాత సూట్‌కేసులో అన్నదమ్ముల చిన్నప్పటి సెట్టు బయటపడింది. ఓడరేవు, ఒక క్రేను, పడవలు. మా మామగారు ఇద్దరికీ కలిపి ఒకటే కొన్నారట, చెరొకటి కొంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడరని. కట్టేది ఈయన, విప్పేది తమ్ముడు. ఇటుకల్లోనే పల్చగా ఉండే పలకలు ఒకదానికొకటి అతుక్కుపోతే గోళ్ళతో రావు. ఇప్పుడైతే వాటిని విడదీసేందుకు ఒక చిన్న పనిముట్టు దొరుకుతోంది గానీ, అప్పుడు మా మరిది పళ్ళే పనిముట్టు. ఈయన పలక అందించడం, అతను కొరికి లాగి ఇవ్వడం.

సూట్‌కేసు తెరిచిన రోజు ఆయన మొహం చూడాలి. ముక్కలన్నీ గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కడిగి తువ్వాలు మీద ఆరబెట్టారు. నేను ఒక పలక తీసి, "ఎలుకలు కొట్టాయా?" అన్నాను.

"ఎలుక కాదు, వాడే" అని పడీ పడీ నవ్వారు. పలకని లైటు కింద పెట్టి నాకు చూపించారు. "ఇదిగో, ఇవి పాలపళ్ళు. ఇక్కడ చూడు, ముందు పళ్ళ మధ్య సందు. వాడికి అప్పట్లో ఆ సందులోంచి ఈల వచ్చేది." అంత మురిపెంగా చెప్పిన మనిషి, చెప్పడం అయిపోగానే ఆ పలకని పనికిరాని ముక్కల గిన్నెలో వేశారు. నాకది వింతగా ఏమీ అనిపించలేదు. విరిగినవీ, రంగు మారినవీ, గాట్లు పడినవీ ఆయన ఎప్పుడూ ఆ గిన్నెలోనే వేస్తారు. గిన్నె నిండితే ల్యాబులో ప్లాస్టర్ చెత్తతో పాటు పోతుంది.

ఆ తర్వాత చాలా కాలం మా ఇంట్లో అదే పని. ఆ సెట్టు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఏ ఊళ్ళోనో ఎవరి దగ్గరో ఉన్న అదే పలక, అదే రంగుది, అదే కాలం నాటిది వెతికి తెప్పించుకునేవారు. పొట్లం విప్పి, భూతద్దంలో చూసి, నచ్చకపోతే మళ్ళీ వెతికేవారు. కళ్ళలో వత్తులు వేసుకుని చేశారంటే నమ్మండి. బీరువాలో ఉన్న దేన్నీ ఆయన అంత ఇష్టంగా కట్టలేదు. ఆఖరి పలక బిగించిన రోజు, "వాడు దీన్ని చూసి ఒక్కసారి నువ్వు అంటే చాలే నాకు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. బయటికి మాత్రం, "అంటాడులెండి, అనక ఎక్కడికి పోతాడు" అన్నాను.

ఆదివారం రమ్మని కబురు పెట్టాం. వచ్చాడు. హాల్లో బల్ల మీద ఓడరేవు, ఆ ఒక్కరోజుకీ పరదాలు తీసి ఉన్నాయి. మా మరిది చెప్పులు విడుస్తూనే చూశాడు.

"బాగుందే. కొత్తదా? ఇవింకా అమ్ముతున్నారా వదినా?" అని నన్నడిగాడు.

మా ఆయన ఆగలేకపోయారు. "కొత్తదేంట్రా, మనదే. అటక మీద దొరికింది."

మా మరిది అక్కడే నిలబడిపోయాడు. తర్వాత గబగబా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. క్రేను కొక్కెం కిందికి దింపాడు, పడవని పట్టుకుని పైకి లేపాడు. జుట్టు నెరిసిన మనిషి మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. "ఇన్నాళ్ళూ నువ్వు దీన్ని ఎక్కడ దాచావన్నయ్యా?" అన్నాడు.

నువ్వు అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను టీ పెట్టే వంకతో వంటింటి గుమ్మందాకా వెళ్ళాను గానీ లోపలికి వెళ్ళలేదు.

మా మరిది రేవు గట్టు మీది పలక ఒకటి ఊడదీశాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. అంచుల మీద బొటనవేలు పెట్టి రాశాడు. మూడోది తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"నా గాట్లేవి?" అన్నాడు నవ్వుతూనే.

"అన్నీ తీసేశాన్రా!" అన్నారు మా ఆయన. ఆ గొంతులో ఎంత గర్వమో. "ఒక్కటి కూడా మిగల్చలేదు. ఏ పలక ఎక్కణ్ణుంచి తెప్పించానో తెలుసా? రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటే ఒట్టు. ఇప్పుడు ఎవడూ వంక పెట్టలేడు."

"పెద్ద ఇటుకలో?"

"అవి పాతవే. వాటినెవరూ పాడు చెయ్యలేదుగా."

మా మరిది నవ్వు మెల్లగా తగ్గిపోయింది. కిటికీ దగ్గర్నుంచి వచ్చి, తీసిన పలకల్ని ఎక్కడివక్కడ పెట్టి, ఒక్కోదాన్నీ వేలితో నొక్కాడు. సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాడు కూడా. "అంటే నువ్వు పట్టుకున్నవి ఉన్నాయి, నేను పట్టుకున్నవి లేవు" అన్నాడు. కోపంగా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. అప్పటికి గానీ మా ఆయనకి వెలగలేదు.

"చాలా శ్రమ పడ్డారన్నయ్యా" అన్నాడు మా మరిది లేస్తూ.

టీ తాగాడు. ఇస్తే సెట్టు తీసుకున్నాడు, రెండు చేతులతో, ఎవరో పెద్దవాళ్ళు బహుమతి ఇస్తే తీసుకున్నట్టు. "థాంక్స్" అని కూడా అన్నాడు. సొంత అన్నకి ఎవరైనా థాంక్స్ చెప్తారా? అంతకంటే నాలుగు తిట్టి పోయినా బాగుండేది. మా ఆయన వెనకే మెట్ల దాకా వెళ్ళి, "ఒరేయ్" అని పిలిచారు. అతను కింది మెట్టు మీద ఆగి పైకి చూశాడు. "ఎండగా ఉంది, లోపలికెళ్ళండి" అనేసి అతను వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా ఆయన కొత్త సెట్టులు కొనడం లేదు. ఇటుకలు పోగుచేసేవాళ్ళందరినీ, గాట్లు పడ్డ పాత పలకలుంటే పారెయ్యకుండా పంపమని అడుగుతున్నారు. వాళ్ళు నవ్వుకుంటున్నారు. అయినా ఎవరో ఒకరు పొట్లం కట్టి పంపుతుంటారు. ఆయన పొట్లం విప్పి, ఒక్కో పలకనీ భూతద్దం కింద పెట్టి, పళ్ళ మధ్య సందు వెతుకుతారు. తమ్ముడి పలకలు చెత్తతో పాటు పోయాయని ఆయనకి తెలుసు. తెలిసే చూస్తారు. "వాడివి కావే" అని పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు.

మొన్న నేనిక ఉండబట్టలేక అరిచాను. "ఆ పలకల్ని పట్టుకుని ఏడిచే బదులు ఒక్కసారి ఫోన్ చేసి, తప్పు నాదేరా అని ఆ ఒక్క ముక్కా అనెయ్యొచ్చుగా! నోరు అరిగిపోతుందా?"

ఆయన భూతద్దం మీంచి తల ఎత్తలేదు.

"అన్నానే. పోయిన వారమే అన్నాను."

నేను నమ్మలేకపోయాను. "మరి ఏమన్నాడు?" అన్నాను.

"'పర్లేదండీ' అన్నాడు."