సారు చెల్లదన్న ఓటు

సారు పోయారన్న కబురు మా ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు ఆ గ్రూపులో బతికున్న ఇద్దరిని చంపేశారు, పోటీలో ఉన్న ఒకాయన తప్పుకున్నాడని ఫొటోతో సహా రాశారు. ఏ మాటైనా సరే, ఒకరంటే ఒకరికి పడని ఇద్దరిని అడిగి, ఇద్దరూ ఒకటే చెబితే అప్పుడు నమ్మమని నేర్పింది సారే. అందుకని భువనగిరిలో నేను పాఠాలు చెప్పే బడి వరండాలో నిలబడి ముందు మా చిన్నమ్మకు, తర్వాత ఆమెతో మాటల్లేని పక్కింటామెకు ఫోన్ చేశాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. పొద్దున నల్లగొండ దవాఖానలో ప్రాణం పోయిందట. రెండో ఫోన్ పెట్టేశాక గాని ఏడుపు రాలేదు.

సారు అంటే మా ఊరి ప్రాథమిక బడి సారు. కట్టంగూర్ నుంచి కొంచెం లోపలికి ఉండే మా ఊరికి కొత్తగా ఉద్యోగం వచ్చి చేరి, ఇక ఎక్కడికీ పోలేదు. మా బాపు ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన మొదటి పిల్లల్లో ఒకడు. తర్వాత నేనూ దిద్దాను. మధ్యలో మా అవ్వ, బాపు తల్లి, కూడా దిద్దింది, ఆ సంగతి చెబుతాను.

ఆయనంత అనుమానపు మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. రిటైరయ్యాక పొద్దున్నే బస్టాండు హోటల్లో రెండు పేపర్లు పక్కపక్కన పరిచేవారు. ఒకటి సర్కారును పొగిడేది, ఇంకొకటి తిట్టేది. సర్కారు మారాక పొగిడే పేపరు తిట్టడం, తిట్టే పేపరు పొగడడం మొదలుపెట్టాయి గాని, ఆయన రెండూ కొనడం మానలేదు. “ఏం రాసిండు అన్నది తర్వాత. ఏం రాయకుండ ఇడిసిపెట్టిండో అది చూడుండ్రి” అనేవారు. కోర్టు తీర్పు వచ్చిందని ఎవరైనా సంబరపడితే చివరి పేజీ చదివావా అని అడిగేవారు. స్టే అంటే ఆగమనడమే, గెలిచినట్టూ కాదు ఓడినట్టూ కాదు అని ఎంతమందికి చెప్పి ఉంటారో. రిజర్వేషన్ల మీద హైకోర్టు స్టే ఇచ్చి పంచాయతీ ఎన్నికలు ఆగిన రోజున హోటల్లో సగం మంది గెలిచామని, సగం మంది మోసపోయామని అరుచుకుంటుంటే, ఆయన ఒక్కరే చాయ్ ఊదుకుంటూ కూర్చున్నారట.

ఎన్నికల నెలలో ఎవరింట్లోనూ ఆ చాయ్ కూడా ముట్టేవారు కాదు. మా ఇంటికొచ్చినా సంచిలోంచి సొంత నీళ్ల సీసా తీసేవారు. అమ్మ నొచ్చుకునేది. ఓటర్ల జాబితా పంచాయతీ గోడకు అంటించిన రోజు పెన్సిలు పట్టుకుని పేరుపేరునా చదివి, చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేయించేదాకా మండలాఫీసును వదిలేవారు కాదు. “పోయినోళ్లే అందరికన్న ముందుగాల వచ్చి ఓటేస్తరు. వాళ్లకు ఇంకో పని లేదు గద” అని నవ్వేవారు. ఇక ఆయన పేరు ఎవరు కొట్టేయిస్తారో తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం వేలిముద్రల మీద. మా అవ్వ వాళ్లన్న ఒక కాగితం మీద, దానిలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేసి చెలక భూమి పోగొట్టుకున్నాడు. ఆ సంగతి విన్నాక సారు ఊరి ఆడవాళ్లను కూడగట్టి, సాయంత్రం పొయ్యిలు వెలిగించే లోపల బడి అరుగు మీద కూర్చోబెట్టి సంతకాలు నేర్పారు. అవ్వకు నాలుగక్షరాలు పట్టుబడడానికి ఒక ఎండాకాలం పట్టింది. చివరి అక్షరం కింద ఒక గీత, గీత చివర ఒక చుక్క పెట్టేది. అది సారు నేర్పింది కాదు, తన సొంతం. “ముద్ర ఎవడన్న ఏస్తడు. సంతకం నీదొక్కదానిదే. అది పెట్టినంక నీ కాయితాన్ని ఎవ్వడు మార్చలేడు” అని సారు చెప్పిన మాటను అవ్వ దేవుడి మాటలా పట్టుకుంది.

రాష్ట్రం వచ్చాక జరిగిన మొదటి పంచాయతీ ఎన్నికల్లో బాపు సర్పంచిగా నిలబడ్డాడు. గుర్తు కత్తెర. కృష్ణ నీళ్లు ప్రతి ఇంటికీ సరిగా రావాలని, పంచాయతీ తీర్మానాలు గ్రామసభలో చదివి వినిపించాలని తిరిగాడు. ఎదుటి అభ్యర్థి ఊళ్లో బలమున్నవాడు. ఓటింగుకు ముందు రోజు ఊరంతా ఒకటే పుకారు. డబ్బాలోకి పోయాక ఓట్లు మారుస్తారని, ఆఫీసర్లను మాట్లాడుకున్నారని. ఎవరు పుట్టించారో నాకు ఇప్పటికీ తెలియదు. మా వాళ్లే పుట్టించారేమోనని కూడా అనుమానమే.

పంచాయతీకి మిషన్లు లేవు, కాగితాలే. మధ్యాహ్నం దాకా ఓట్లు, తినొచ్చాక అదే బడి గదిలో లెక్కింపు. బాపుకు బీపీ ఎక్కువై బయట చెట్టు కింద కూర్చున్నాడు. లోపల మా తరఫున ఏజెంటుగా కూర్చున్నది సారు. నియమాల పుస్తకం కంఠతా వచ్చిన మనిషి కాబట్టి మాకు ఏ ఫికరూ లేదు. లెక్కింపు చివరికి వచ్చేసరికి బాపు ఒక్క ఓటు వెనక ఉన్నాడు. చెల్లనివాటిలో ఒక గులాబీ కాగితం, సర్పంచి ఓటుది, అధికారి చేతిలో ఉంది. కత్తెర గుర్తు మీద ఓటేసే స్వస్తిక్ ముద్ర లేదు, పెన్నుతో ఏదో గీసి ఉంది. అది చెల్లితే సమానమై, చీటీ తీసి గెలుపు తేల్చేవారు. అధికారి దాన్ని దూరం నుంచి చూపించి ఏమంటారని అడిగాడు. ప్రతి కామాకు వాదించే సారు కాగితాన్ని దగ్గరికి తెమ్మని, కళ్లజోడు సర్దుకుని చూసి, “చెల్లదు” అన్నారు.

ఆ ఒక్క మాటతో మా ఇంటికి ఆయన కానివాడైపోయారు. ఎదుటివాళ్ల ఏజెంట్లు బయటికొచ్చి, మీ సారే మీ ఓటు చెల్లదన్నడు అని ఊరంతా చెప్పారు. అడిగితే ఆయన కాదనలేదు. నియమం అదే అన్నారు, అంతే. ఆ ఎండాకాలంలో కొల్లాపూర్ దగ్గర సర్కారు కొలువు చేసే ఆయన కొడుకుకు నల్లగొండకు బదిలీ అయింది. ఇంకేముంది, సారు అమ్ముడుపోయాడనడానికి ఊరికి సాక్ష్యం దొరికింది. కోడలు అక్కడ ఉద్యోగం చేస్తున్నందుకు వచ్చిన మామూలు బదిలీ అని తర్వాతెప్పుడో తెలిసింది గాని, అప్పుడు నేను కూడా నమ్మాను. ఇద్దరిని అడగలేదు. ఒక్కరిని కూడా అడగలేదు.

బాపు మున్సిఫ్ కోర్టులో ఎన్నికల కేసు వేశాడు. వేయకముందు సారు ఒకసారి మా గుమ్మం దాకా వచ్చి, “కేసు వద్దయ్యా. నా మాట ఇను” అన్నారు. బాపు లోపలికి పిలవలేదు. కేసంటే ఎందుకు భయమో అని అమ్మ గట్టిగానే అన్నది, ఆయనకు వినిపించేలా. సాక్షిగా పిలిచినప్పుడు కూడా ఆయన కోర్టులో నిలబడి, చెల్లదని నేనే ఒప్పుకున్నాను అని చెప్పి దిగిపోయారు. మా వకీలు తల పట్టుకున్నాడు.

అందరికంటే పెద్ద నోరు అవ్వది. నల్లా దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆయనను శాపనార్థాలు పెట్టేది. “అచ్చరం జెప్పిన చెయ్యే నా కొడుకు గొంతు కోసింది” అన్నది ఒకరోజు నా ముందే. ఆయన సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, తల వంచుకుని వెళ్లిపోయారు. తప్పు చేసినవాడి నడకలా ఉందని నేను అనుకున్నాను. అవ్వ కేసు తేలకముందే పోయింది. కాలం చేసే ముందు నెలలో కూడా పింఛను కాగితం మీద వేలిముద్ర వేయనని పోస్టాఫీసులో కొట్లాడి సంతకమే పెట్టింది.

వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. కరోనా వచ్చి పోయింది. జడ్జీలు మారారు. ఆ చెల్లని ఓట్లు మళ్లీ చూడాలని ఉత్తర్వు వచ్చేసరికి సర్పంచి పదవీకాలం అయిపోయి పంచాయతీ ప్రత్యేకాధికారి చేతిలో ఉంది. ఇప్పుడు గెలిచినా కూర్చోడానికి కుర్చీ లేదని వకీలు చెప్పాడు. కుర్చీ కోసం కాదు, ఆ ముసలాయన ఏం దాచిండో చూడాలె అన్నాడు బాపు. నేనూ వెంట వెళ్లాను.

సీలు కవరు చించి, కోర్టు ఉద్యోగి ఆ గులాబీ కాగితాన్ని బల్ల మీద పరిచాడు. మా వకీలు వంగి చూసి పక్కకు జరిగాడు. తర్వాత బాపు వంగాడు, నేను వంగాను. కత్తెర బొమ్మ మీద నాలుగు వంకర అక్షరాలు. చివరి అక్షరం కింద గీత. గీత చివర చుక్క.

ఓట్లు మారుస్తారన్న పుకారు విని, తన కొడుకు ఓటును ఎవడూ మార్చకూడదని అవ్వ దాని మీద సంతకం పెట్టింది. బూత్‌లోకి రొంటిన పెన్ను పెట్టుకుని పోయి ఉంటుంది. ఓటు వేసినవాళ్లెవరో తెలిసేలా ఏ రాత ఉన్నా ఆ ఓటు పనికిరాదు. అది చెప్పడం సారు కూడా మరిచిపోయారు, లేదా తను నేర్పిన సంతకం అంత దూరం పోతుందని అనుకుని ఉండరు. బాపు అక్కడికక్కడే కేసు వదులుకుంటున్నానని వకీలుతో చెప్పాడు.  ఊళ్లో బస్సు దిగాక, ఎవ్వరికి చెప్పకు బిడ్డా అన్నాడు.

మర్నాడు నేనొక్కదాన్నే సారు ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే సంగతి అర్థమైందనుకుంటాను, పేపరు మడిచి పక్కన పెట్టారు. ఎందుకు చెప్పలేదు సారూ అని అడిగాను. “ఓటు ఎవరిదో చెప్పొద్దని ఇన్నేండ్లు నేనే చెప్పిన. నేనే చెప్తే ఎట్ల?” అన్నారు. అది పూర్తి జవాబు కాదని నాకు అనిపించి, లేవకుండా కూర్చున్నాను. మళ్లీ ఆయనే అన్నారు.

“మీ అవ్వకు తెలిస్తే కొడుకును తనే ఓడగొట్టిన్నని కుమిలి చచ్చేది. ఇంకో కాయితం మీద సంతకం పెట్టేది కాదు, బిడ్డా. మళ్ల వేలే ఏసేది.”

మేమందరం మిమ్మల్ని అనుమానించాం సారూ, నేను కూడా, అని చెప్పాను.  ఆయన నవ్వారు. “అనుమానపడాలె. ఏజెంటును నమ్మొద్దని చెప్పింది నేనే గద” అన్నారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కిటికీ వైపు తిరిగి, “ఐదేండ్లు మాత్రం శాన పొడుగున్నయి” అన్నారు. అంతకుమించి ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు నాకు చాయ్ ఇప్పించారు. నేను తాగుతుంటే, పిల్లలకు తెలుగు వాచకం ఎట్ల చెప్తున్నవని అడిగారు.

బాపు మాత్రం ఆ ఇంటి గడప తొక్కలేదు. ఎన్నిసార్లు చెప్పినా, పోతా పోతా అనేవాడు. మనిషికి సిగ్గు కూడా పగ లాగే అడ్డం పడుతుంది. సారును మట్టి చేసిన రోజున ఊళ్లో ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి, మీ బాపు సారుతో మాట్లాడిండా లేదా అని అడిగారు. మాట్లాడినట్టు నాకు తెలియదు. కానీ నేను ఒకటి చూశాను.

మొన్న పంచాయతీ ఎన్నికల రోజు ఓటు వేయడానికి నేను ఊరికి వచ్చాను. బాపు ఈసారి పోటీ చేయలేదు. బడి దగ్గర ఆడవాళ్ల లైను గోడ నీడలో, మగవాళ్లది ఎండలో. చలికాలమే అయినా పదకొండు అయ్యేసరికి మా దగ్గర ఎండ చురుక్కుమంటుంది. సారు ఆటోలో వచ్చారు. మా ఫ్లోరైడు నీళ్లు తాగిన చాలామందికి లాగే ఆయన నడుమూ ఎప్పుడో వంగింది, పైగా అప్పటికే ఒంట్లో బాగాలేదు. పెద్దవాళ్లకు లైను లేదు, లోపలికి పొమ్మని పోలీసు చెప్పినా వినలేదు. పోయి లైను చివర నిలబడ్డారు. చివర ఉన్నది బాపు.

బాపు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. కొంతసేపటికి బాపు లైను విడిచి ఒకడుగు కుడి పక్కకు జరిగాడు. లైను ఎంతుందో చూసుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు, జరిగి అక్కడే నిలబడ్డాడు. అప్పుడు చూశాను, బాపు నీడ సారు మీద పడుతోంది. నా బుద్ధి పోనిచ్చుకోలేదు, ఊరికే అట్ల పడిందేమోనని అనుమానించాను. లైను కదిలింది. బాపు ఒకడుగు ముందుకు వేసి, మళ్లీ ఒకడుగు కుడి పక్కకు వేశాడు. లైన్ల నిలబడుమని ముందున్నవాడెవరో కసిరాడు, బాపు పట్టించుకోలేదు. మళ్లీ కదిలింది, మళ్లీ పక్కకు జరిగాడు. బడి మెట్ల దాకా సారు నెత్తి మీద ఎండ పడలేదు.