సీల తీసిందెవరు?

ఆర్డిస్ ఎవర్నీ నమ్మదు. నార్త్ డకోటాలో బడి బస్సు నడిపిన మనిషి. పిల్లలంతా దిగిపోయారని ఎవరు చెప్పినా వినకుండా చివరి సీటు దాకా నడిచి, వంగి, సీట్ల కింద చూసేది. ఒక మంచు రోజున వెనక సీటు కింద ఒక చిన్నపిల్ల ముడుచుకుని నిద్రపోతూ దొరికింది. ఆ రోజుతో ఆమె అనుమానానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

ఉద్యోగాలయ్యాక ఆమె, ఆమె భర్త లోవెల్ ఇల్లమ్మేసి పెద్ద ట్రైలర్ ఒకటి కొన్నారు. ఇప్పుడు అదే ఇల్లు. చలికాలమంతా ఆరిజోనా ఎడారిలో గడిపి, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి పోతారు. నీళ్లు నింపుకోవాలన్నా ఇంటిని ట్రక్కుకు తగిలించుకుని పోవాల్సిందే.

అలా తగిలించే మనిషిని అక్కడ ఎవరూ పలకరించరు. చెయ్యూపి పక్కనుంచి వెళ్లిపోతారు. మాటల్లో పడి ఇల్లు నేలపాలు చేసుకున్నవాళ్లను అందరూ చూశారు మరి. ట్రైలర్ ముక్కు కింద లావుపాటి ఇనుప గూటం ఉంటుంది. ట్రక్కు తొట్టిలోని పలకకు ఇనుప దవడలుంటాయి. ట్రక్కు వెనక్కి వస్తే దవడలు గూటాన్ని పట్టుకుంటాయి. పట్టు ఊడకుండా, దవడలను బిగించే పిడికి ఒక సీల పెట్టాలి.

లోవెల్ సీల పెడతాడు. ఆర్డిస్ టార్చి పట్టుకుని మళ్లీ చూస్తుంది.

పక్క ట్రైలర్ డర్వుడ్‌కు మాత్రం ఆ పలకరించని మర్యాద పట్టదు. కాఫీ కప్పుతో సరిగ్గా అప్పుడే తయారవుతాడు.

"ఏం ఆర్డిస్, ఇవాళ కూడా కింద దూరుతున్నావా? మొగుడి మీద నమ్మకం లేకుండానే ఇన్నేళ్లు కాపురం చేశావా?"

"మొగుడి మీద ఉంది. ఇనుము మీద లేదు. నువ్వు నీ కాఫీ తాగు నాయనా."

ఆ రోజే ఆమె కంట పడింది. సీల ఊడి గొలుసుకు వేలాడుతోంది.

"పెట్టానే!" అన్నాడు లోవెల్.

తరవాత నీళ్లకు వెళ్లినప్పుడూ అంతే. అప్పుడూ డర్వుడ్ ట్రక్కు పక్కనే ఉన్నాడు. ఆర్డిస్‌కు లెక్క తేలిపోయింది. వీళ్ల ట్రైలర్ మీద నీడ పడే చెట్టు మీద అతని కన్నుంది. "మీరు పోతే ఆ చెట్టు నాదే" అని నవ్వుతూ అననే అన్నాడు. నవ్వుతూ అనేవాళ్లనే ముందు అనుమానించాలని ఆమె నమ్మకం. అప్పటినుంచి అతను ఇచ్చిన దాల్చినచెక్క రొట్టె కూడా ముట్టలేదు.

ఉత్తరానికి బయల్దేరే పొద్దున ఆమె కాపు కాసింది. ట్రక్కు వెనక్కొచ్చి ఆగింది. లోవెల్ దిగి సీల పెట్టాడు. "గ్యాసు చూసొస్తా" అని ఆర్డిస్ పక్కకెళ్లి, ట్రైలర్ మూల చాటున నక్కి చూసింది. డర్వుడ్ దూరంగా, కొండల వైపు తిరిగి కాఫీ తాగుతున్నాడు. లోవెల్ అటూ ఇటూ చూశాడు. చెయ్యి చాచి, పెట్టిన సీల తనే లాగేశాడు.

ఆర్డిస్ చాటు వదిలి పరుగెత్తింది.

"నన్ను చంపుదామనా?" అంటూ మీదికొచ్చింది.

లోవెల్ దొంగలా దొరికిపోయి తొట్టి అంచున కూలబడ్డాడు. "యూమా ఊళ్లో డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పలేదు. మతిమరుపు మొదలైందట. ఇకముందు పెరుగుతుందట."

"అయితే సీల లాగుతావా?"

"నువ్వు నిజంగా చూస్తున్నావా, ఊరికే అరుస్తున్నావా అని... రేపు నేను మర్చిపోతే పట్టుకునే మనిషి ఉందో లేదో తెలియాలి కదా. కదిలే ముందు నేనే పెట్టేద్దును."

"అదీ మర్చిపోతే?"

"ఛ! ట్రైలర్ తగిలించడం నిద్రలో లేపినా చేస్తాను."

ఆమెకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగి, అలవాటు కొద్దీ వంగి టార్చి వేసింది. ట్రైలర్ అడుగు ట్రక్కు పలక మీద ఆని ఉండాలి. ఆనలేదు. మధ్యలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"లోవెల్, ఈ సందేంటి?"

"సీల నేనే తీశానని చెప్పాగా."

"సీల గొడవ కాదయ్యా. ట్రైలర్‌ని ఎక్కువ ఎత్తావు. గూటం దవడల్లో పడలేదు, వాటి నెత్తిన కూర్చుంది."

"నీ చాదస్తం. అది నీడ."

"అయితే సీల పెట్టి లాగి చూడు. ట్రైలర్ కాళ్లు ఎత్తకు."

ట్రైలర్ తన ఇనుప కాళ్ల మీదే ఉంది, చక్రాలకు అడ్డు చెక్కలున్నాయి, తొట్టి వెనక తలుపు దించే ఉంది. లోవెల్ మొండిగా సీల పెట్టి, ఎక్కి, ట్రక్కును మెల్లగా ముందుకు పోనిచ్చాడు. పట్టు ఉంటే బిగదన్నాలి. ట్రక్కు మూరెడు ముందుకు జారిపోయింది. ట్రైలర్ ఉన్నచోటే ఉండిపోయింది. కాళ్లు ముందే ఎత్తి ఉంటే ఇల్లంతా తొట్టి మీద కూలేది.

డర్వుడ్ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆ చెట్టు నీదేలే" అంది ఆర్డిస్ అతనితో. క్షమించమని అడగడం ఆమెకు అంతవరకే వచ్చు.

లోవెల్ దిగాడు. ఈ తప్పు తను కావాలని చేసింది కాదు. తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఇన్నేళ్లూ ఆమె నిలబడిన చోటికెళ్లి నిలబడ్డాడు. ట్రైలర్‌ను కాస్త కిందికి దించి, చేత్తో సైగ చేశాడు. ఆర్డిస్ వెనక్కి పోనిచ్చింది. దవడలు ఠంగున మూసుకున్నాయి.

"చూశావా?" కిటికీలోంచి అడిగింది.

"చూశాను. సందు లేదు. సీల పెట్టాను."

నమ్మాలనిపించింది ఆమెకు. ఆ గొంతును ఈ ఒక్కసారికి నమ్మేసి ఊరుకోవాలని ఎంతగానో అనిపించింది. తలుపు తీసుకుని దిగింది.

లోవెల్ అప్పటికే టార్చి వెలిగించి, ఆమెకు అందేలా చాపి నిలబడి ఉన్నాడు.