నన్ను లేపని నర్సమ్మ

మంగళవారం మధ్యాహ్నం మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నిన్ను నడిపించిన నర్సమ్మ పోయిందట" అంది. గుండె ఆగిపోయిందట. శనివారమే సమాధి కూడా చేసేశారట. ఆమె ఫోనులో తెలుగు పేర్లున్న నంబర్లన్నిటికీ ఆమె ఉండే ఊరి చర్చివాళ్లు కబురు పంపారు. అవి నాలుగే. అందులో ఒకటి మాది.

ఫోన్ పెట్టేశాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఆమె గురించి ఒక మాట అనుకుందామంటే, మా అమ్మాయీ అల్లుడూ తప్ప ఈ విన్నిపెగ్‌లో ఆమెను ఎరిగిన మనిషి లేదు. పెట్టె గోతిలోకి దించేటప్పుడు పక్కన నిలబడి తెలుగులో ఒక్క మాట అన్నవాళ్లు ఉండి ఉండరు. ఆ మాట నేననాలి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మన చర్చి సంఘం పత్రికలో వేస్తామన్నారు గనుక మీరంతా వినండి. ఆమె మీద ఒకప్పుడు నేను ఫిర్యాదు పెట్టించాను. ఆ సంగతి వద్దులే అమ్మా అంటోంది మా అమ్మాయి. రాయి అన్నాను.

పోయినేడు చలికాలంలో చర్చి మెట్ల మీద జారి నేను తుంటి విరగ్గొట్టుకోవడం మీలో చాలామంది చూశారు. పెద్దాసుపత్రిలో రాడ్డు వేశారు. వారం తిరక్కుండానే, ఇక్కడ చేయాల్సింది అయిపోయింది, రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో స్వింగ్ బెడ్ ఖాళీగా ఉంది, అక్కడికి పంపుతాం అన్నారు. మా అల్లుడు "ఓకే, ఓకే" అని తలూపాడు. ఆ మంచం సంగతి అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు తెలుసు గనుక చెబుతున్నాను. చిన్న ఊరి ఆసుపత్రికి ఉండేవే నాలుగు మంచాలు. ఒకే మంచం రెండు పనులు చేస్తుంది. జబ్బుతో వచ్చినవాళ్లకు అది వైద్యం చేసే మంచం. జబ్బు తగ్గినా ఇంటికి పోయే బలం ఇంకా రానివాళ్లకు అదే మంచం బలం కూడగట్టుకునే చోటు. అప్పుడిక మందులు తక్కువ, పని ఎక్కువ. లేవాలి, బట్టలు మార్చుకోవాలి, బల్ల దగ్గరికి నడిచి వెళ్లి తినాలి. అవి చేసుకోగలిగితే ఇంటికి పంపుతారు. చేసుకోలేకపోతే ముసలివాళ్ల హోముకు. ఇదేమీ తెలియక, పనికిరాని దాన్నని దూరంగా పడేశారనుకున్నాను.

కిటికీలోంచి చూస్తే మంచు, ఒక పొడుగాటి గోధుమల గోదాము. పక్క మంచం మీద తెల్లావిడ పగలంతా నిద్రపోయేది. రెండు రోజులు నా నోట మాట లేదు. ఎవరితో మాట్లాడను? మూడో రోజు చామనఛాయ నర్సు ఒకామె గుమ్మంలో నిలబడి, "ఏం పిన్నిగారూ, మీది గుంటూరా, కృష్ణా?" అంది. "పశ్చిమ గోదావరి" అంటూనే ఏడ్చేశాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని ఏడవనిచ్చింది. అయ్యాక లేచి, "ఇక రండి, భోజనం బల్ల మీద పెట్టారు" అంది.

"ఇక్కడికి తేమ్మా."

"తేను."

"కాలు విరిగినదాన్నే!"

"విరిగిందానికి రాడ్డు వేశారుగా. లేవండి."

"తెలుగుదానివై ఉండి ఇంత రాతిగుండా నీది?"

"తెలుగుదాన్ని గనుకే విడమరిచి చెబుతున్నా. మంచం మీద తిన్న అన్నం మంచానికే ఒంటబడుతుంది, పిన్నిగారూ."

ఆ పూట నేను తినలేదు. ఆమె బతిమాలలేదు.

మన పద్ధతి మీకు చెప్పక్కర్లేదు. మంచాన పడ్డ మనిషి కాలు కదిపితే కసురుతాం. ప్రతి శనివారం మా అమ్మాయి క్యారియరుతో వచ్చి చారన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టేది. చెరో చంక కింద చెయ్యి వేసి, కూతురూ అల్లుడూ నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవారు. ప్రాణం లేచొచ్చేది. వాళ్ల కారు వెళ్లిపోయాక ఆ గది ఇంకాస్త పెద్దదైపోయేది. అక్కడి వాళ్లు ఇదంతా చూసి, ఈమె లేవాలంటే ఇద్దరు మనుషులు కావాలి అని కాగితం మీద రాసుకుంటున్నారని మాకేం తెలుసు?

ఒకరోజు బాత్రూముకని గంట నొక్కాను. నర్సమ్మ వచ్చి, వాకరు మంచం పక్కన పెట్టి, ఊరికే నిలబడింది.

"ఎంతసేపు నిలబడతావే?"

"నా డ్యూటీ మూడింటి దాకా ఉంది."

కోపంతో లేచాను. "కోపంతో లేచినా లేచినట్టే" అంది. తిరిగొచ్చి మంచం మీద పడ్డాక అందుకున్నాను. "మా అత్తగారికి తుంటి విరిగితే పదకొండు నెలలు కాలు కింద పెట్టనివ్వలేదు నేను. వీధి వీధంతా మెచ్చుకుంది. సేవంటే అదీ!"

ఆమె దుప్పటి సర్దుతూ, "మళ్లీ నడిచారా ఆవిడ?" అంది.

నేను గోడవైపు తిరిగాను. ఆఖరుకు మా అత్తగారి కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. ఒక్కసారి వాకిట్లోకి నడిపించవే అని అడిగింది. "ఎందుకత్తయ్యా, నేను లేనూ?" అన్నాను.

పంతానికి మళ్లీ సొంతంగా లేవలేదు. ఆ శనివారమే ఫిర్యాదు రాయించాను. నీళ్లడిగితే చేతికివ్వదని, లేపదని, పెద్దదాన్నన్న గౌరవం లేదని. మా అమ్మాయి ఇంగ్లీషులో పెట్టి పంపింది. నా కోపం నీళ్ల గురించి కాదు. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు.

తర్వాతి వారం ఆసుపత్రివాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. ఇద్దరు లేపితే తప్ప లేవదు, మీ ఇంటికి ఐదు మెట్లు, కనుక ఇల్లు కుదరదు, హోము లిస్టులో పేరు రాస్తాం, ఎక్కడ ఖాళీ వస్తే అక్కడికి పంపుతాం అన్నారు. ఏ ఊరో, ఎవరి మధ్యో. చచ్చేదాకా నా మాట నాకే. నా ఫిర్యాదు కాగితం అదే బల్ల మీద ఉంది. నర్సమ్మ దాని వంక చూడను కూడా చూడకుండా, ఇంకో రెండు వారాలు ఇవ్వండి అని పెద్దవాళ్లతో పోట్లాడింది. మా అమ్మాయి వైపు తిరిగి, "వచ్చే శనివారం క్యారియరు తెండి. ఈవిణ్ణి మాత్రం ముట్టుకోకండి" అంది.

"మా అమ్మండీ!"

"అమ్మ మీ ఇంటికి రావాలా, వద్దా?"

మర్నాటి నుంచి ఇంట్లో తను పెట్టిన ఆవకాయ తెచ్చేది. మాత్రలు వేసిచ్చే బుల్లి కాగితపు గిన్నెలో కొంచెం వేసి, బల్ల మీద పెట్టి, "ఆవకాయ అక్కడుంది, మీరిక్కడున్నారు" అనేది. ఎముక బతిమాలితే వినదు, పని చెబితే వింటుందనేది. శనివారం మా వాళ్ల ఎదుట రెండుసార్లు లేవబోయి కూలబడ్డాను. మా అల్లుడు చూడలేక బయటికి పోయి కారులో కూర్చున్నాడు. మూడోసారి నిలబడ్డాను.

విరామం దొరికితే టీ కప్పుతో నా దగ్గరికొచ్చి కూర్చునేది. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. "ఈ ఊళ్లో నాతో తెలుగు మాట్లాడేది నేనొక్కదాన్నే, పిన్నిగారూ. వండుతూ కూరనే అడుగుతుంటాను, ఉప్పు సరిపోయిందా అని."

"మరి మా ఊరొచ్చెయ్యరాదూ?"

"ఇక్కడికి నర్సులు రారు. నేను పోతే రెండు మంచాలు మూసేస్తారు. అప్పుడు మీలాంటి గయ్యాళుల్ని ఎవరు నడిపిస్తారు?"

ఇంటికి పంపేముందు ఐదు మెట్లు ఎక్కించి దింపి చూశారు. ఎక్కాను, దిగాను. లిస్టులో పేరు కొట్టేశారు. సంచి సర్దుకుంటూ, "నీ మీద రాయించింది నేనేనే" అన్నాను.

"తెలుసు. రెండుసార్లు నీళ్లివ్వలేదని రాయించారు. తప్పు. మూడుసార్లు."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ నవ్వులో నేను చెప్పాల్సిన మాట కొట్టుకుపోయింది. ఫోన్లో చెబుదాంలే అనుకున్నాను. అంకెలు నొక్కడం నాకు వచ్చు, ఆమె నంబరూ ఉంది. అయినా చెయ్యలేదు. కూరను పలకరించుకుంటూ ఆమె అక్కడ, నలుగురి మధ్యా నేను ఇక్కడ. మంచు కరిగాక వెళదాం అనుకున్నాను. మంచు ఒకసారి కరిగి, మళ్లీ పడింది.

మీ ఇంట్లో ఎవరినైనా అలాంటి మంచానికి పంపితే అన్నం తీసుకెళ్లండి, కబుర్లు తీసుకెళ్లండి, సాయంత్రం దాకా కూర్చోండి. అక్కడ చాలా ఒంటరిగా ఉంటుంది. కానీ లేపకండి. లేవనివ్వండి. నర్సమ్మా, నీదే న్యాయం. అత్తయ్య విషయంలో కూడా.

నేను బయల్దేరిన రోజు సన్నగా మంచు పడుతోంది. ఆసుపత్రి గుమ్మం నుంచి కారు దాకా వాకరుతో నేనే నడిచాను. పక్కన ఎవరూ లేరు. నర్సమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయినట్టుంది, చివరికైనా చెయ్యి అందించలేదు చూశావా అనుకుంటూ కారెక్కి, తలుపు వేసుకుని వెనక్కి చూశాను. ఆమె కోటు కూడా వేసుకోకుండా నేను నడిచొచ్చిన దారిలోనే, కారుకు అడుగు దూరంలో నిలబడి ఉంది. తప్పటడుగుల పిల్ల వెనక తల్లి నడిచినట్టు, రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. అవి దించాలని ఆమెకు ఇంకా తోచలేదు. కారు కదిలింది. తెరిచిన ఆ అరచేతుల్లో మంచు పడుతోంది.